పాత పాట, కొత్త కంప్యూటరు
ఇంటి స్టూడియోలలో ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు: ఒక విమర్శ

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ సహాయమును నిలిపివేసినది. 2015 జులై 29న వెలువడిన ఈ వ్యవస్థ పది సంవత్సరాలకు పైగా ప్రపంచమంతట కోట్లాది కంప్యూటర్లను నడిపినది. ఉత్తరాలు, లెక్కలు తయారుచేసే కంప్యూటరుకు ఈ వార్త అంత పెద్దది కాదు. ఒక పూట శ్రమపడితే కొత్త వ్యవస్థకు మారవచ్చును. ఇంటిలో ఒక గదిని స్టూడియోగా మార్చుకొని పాటలు రికార్డు చేసే వారి సంగతి వేరు. వారి కంప్యూటరులో ఒక్క భాగము మొరాయించినా పాట మొత్తము ఆగిపోతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు మూడును పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో మొదటి రెండు జగిత్యాల జిల్లాలో చేరినవి. సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఒగ్గు కథ, బతుకమ్మ పాట, డప్పు దరువు ఈ ప్రాంతములో నేటికిని సజీవముగా ఉన్నవి. ఒకప్పుడు పాట రికార్డు చేయవలెనంటే హైదరాబాదు వెళ్లి, స్టూడియోకు గంటల లెక్కన అద్దె చెల్లించవలసి వచ్చేది. నేడు ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, గోడలకు నాలుగు బొంతలు ఉంటే ఊరిలోనే పాట తయారై యూట్యూబులోనికి చేరుతున్నది. జానపద గాయకులకు ఇది సామాన్యమైన మేలు కాదు. ఆ మేలు అంతయు ఒక్క కంప్యూటరు మీద ఆధారపడి ఉన్నప్పుడు, దానిని మార్చుటలో జాగ్రత్త అవసరము.

ఈ మార్పు విషయములో సాధారణముగా రెండు వాదాలు వినబడతాయి. కొత్త వ్యవస్థ ఎప్పుడును మేలైనదే, వెంటనే మారవలెనని కొందరు. నడిచే యంత్రమును కదిలించరాదని మరికొందరు. ఈ రెండు వాదాలలో ఎంత నిజమున్నదో పరిశీలించుటకు ముందు, స్టూడియో కంప్యూటరు చేసే పని ఏమిటో తెలుసుకొనవలెను.

శబ్దము అంకెలుగా మారుట

గాయని మైకు ముందు పాడినప్పుడు గాలిలోని ఒత్తిడి తరంగము విద్యుత్ సంకేతముగా మారుతుంది. ఇంటర్‌ఫేస్ ఆ సంకేతమును సెకండుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 24 బిట్ల సంఖ్యగా వ్రాస్తుంది. ఇన్నిసార్లు ఎందుకు? ఒక తరంగమును తిరిగి నిర్మించవలెనంటే దానిలోని అత్యధిక పౌనఃపున్యమునకు రెండింతల కంటె ఎక్కువ సార్లు కొలవవలెను. 1928లో నైక్విస్ట్ చేసిన కృషి నుండి, 1949లో షానన్ ప్రకటించిన సిద్ధాంతము నుండి వచ్చిన నియమము ఇది. మానవుని చెవి సుమారు 20,000 హెర్ట్జుల వరకు వింటుంది గనుక 40,000కు పైగా కొలతలు కావలెను.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 48,000ను 24 చేత గుణించితే సెకండుకు 11,52,000 బిట్లు, అనగా 1,44,000 బైట్లు. ఒక నిమిషమునకు 86,40,000 బైట్లు. ఐదు నిమిషాల పాటలో ఒక్క ట్రాకు సుమారు 43 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. ప్రధాన గాత్రము, కోరస్, డప్పు, డోలు, తాళాలు, కీబోర్డు అన్నీ కలిసి 30 ట్రాకులైతే 1,296 మెగాబైట్లు. ఈ ముప్పది ధారలను ఒకేసారి డిస్కు నుండి చదివి, ఒక్కొక్కదానికి మార్పులు చేసి, కలిపి, తడబడకుండ హెడ్‌ఫోనుకు అందించుట కంప్యూటరు పని. ఇందులో పెద్ద లెక్కలున్నవి. కాని అసలు కష్టము వాటిని సమయానికి ముగించుటలో ఉన్నది.

కండె, నాడె, కాలము

సిరిసిల్లలో సాంచాలను చూచిన విద్యార్థికి ఈ సంగతి సులభముగా బోధపడుతుంది. పేక నూలును కండెకు చుట్టి నాడెలో ఉంచుతారు. నాడె అటు ఇటు పరుగెత్తుతూ నూలును పడుగులోనికి విడుస్తుంది. ఒక కండె అయిపోయే వేళకు మరొక కండె సిద్ధముగా ఉండవలెను. లేనిచో సాంచా ఆగవలెను, లేదా బట్టలో లోపము పడవలెను.

కంప్యూటరులో కండె వంటిది బఫరు. ఇంటర్‌ఫేస్ కొలతలను ఒక్కొక్కటిగా కాక, 256 చొప్పుననో 512 చొప్పుననో మూటలు కట్టి పంపుతుంది. ఒక మూట ముగిసేలోగా మరొక మూట అందకపోతే శబ్దములో చిటుకుమని తెగిన ధ్వని వస్తుంది. పెద్ద మూటలు కడితే ఈ ప్రమాదము తగ్గుతుంది. అయితే పెద్ద కండె చుట్టుటకు ఎక్కువసేపు పట్టినట్లే, పెద్ద మూట నిండుటకును ఎక్కువ కాలము కావలెను. 48,000 కొలతల వేగములో 256 కొలతల మూటకు 5.3 మిల్లీసెకండ్లు పడుతుంది. 1,024 కొలతల మూటకు 21.3 మిల్లీసెకండ్లు. శబ్దము గాలిలో సెకండుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది గనుక, మొదటిది 1.8 మీటర్ల దూరము నుండి వినినట్లు, రెండవది 7.3 మీటర్ల దూరము నుండి వినినట్లు అవుతుంది. లోనికి వచ్చుటకు ఒక మూట, బయటికి పోవుటకు ఒక మూట చొప్పున ఈ ఆలస్యము రెట్టింపగును. తన గొంతు తనకే 40 మిల్లీసెకండ్లు ఆలస్యముగా వినబడుతుంటే ఎంత నేర్పరియైన గాయని అయినను లయ తప్పక మానదు. డప్పు వాయించేవానికి అంతకంటె తక్కువ ఆలస్యము కూడ తెలిసిపోతుంది.

ఈ మూటలను సకాలములో అందించే మేస్త్రీయే ఆపరేటింగ్ సిస్టమ్. దానికి ఇంకా వంద పనులున్నవి: తెర మీద బొమ్మలు గీయుట, నెట్‌వర్కును చూచుకొనుట, రక్షణ తనిఖీలు జరుపుట. ఇంటర్‌ఫేస్‌కును దీనికిని మధ్య దుబాసీగా డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము పనిచేస్తుంది. విండోస్ సొంత శబ్దమార్గము ఆలస్యముగా ఉండుటచేత స్టెయిన్‌బర్గ్ అనే జర్మను సంస్థ 1997లో ఏసియో అనే దగ్గరి దారిని ఏర్పరచినది. నేటికిని అనేక స్టూడియోలు ఆ దారినే నడుస్తున్నవి. కనుక ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుట అంటే తెర మీది రంగులను మార్చుట మాత్రమే కాదు. మేస్త్రీని, దుబాసీని ఒకేసారి మార్చుట.

"కొత్తది మేలు" అను వాదము

ఈ వాదములో నిజము లేకపోలేదు. 32 బిట్ల వ్యవస్థ గుర్తించగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే. అనగా నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తితో దాని హద్దు తీరిపోయినది. వీణ, సన్నాయి, తబలా ధ్వనులను ఒక్కొక్క స్వరము చొప్పున నింపుకొన్న నేటి వాద్య ప్రోగ్రాములకు అది చాలదు. 64 బిట్ల వ్యవస్థలు వచ్చి ఈ హద్దును తొలగించినవి. దీనిని నిజమైన పురోగతి అనవలెను.

కాని ప్రతి మార్పును అదే కోవలో చేర్చుట పొరపాటు. 2021 అక్టోబరు 5న వెలువడిన విండోస్ 11 కోరే అర్హతలను చూడవలెను. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల నిలువ చోటు చాలునట. ఇవి ఏ పాత స్టూడియో కంప్యూటరులోనైనను ఉంటవి. అడ్డుపడేవి మరి రెండు: టి.పి.ఎం. 2.0 అనే రక్షణ సాధనము, ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో చోటు. ఇంటెల్ ప్రాసెసర్లలో, కొద్ది మినహాయింపులు తప్ప, 2017లో మొదలైన ఎనిమిదవ తరమునకు ముందున్నవి ఆ జాబితాలో లేవు. కోరుట్లలో ఒకరు 2016లో ఆరవ తరము కంప్యూటరును కొన్నారని అనుకొనవచ్చును. అది నేటికిని ముప్పది ట్రాకులను తొణకకుండ కలుపుతున్నది. శబ్దమునకు సంబంధించిన ఏ పరీక్షలోను అది ఓడిపోలేదు. అయినను అది అనర్హము!

టి.పి.ఎం. వ్యర్థమైనదని దీని అర్థము కాదు. రహస్య సంకేతాలను దొంగలకు చిక్కకుండ దాచుట దాని పని. బ్యాంకులకు, కార్యాలయాలకు అది ఎంతో అవసరము. పాటల గదికి కూడ అదే కొలబద్దను వర్తింపజేసి, పనిచేసే యంత్రమును పారవేయుమనుట మాత్రము విమర్శకు తగినది. ఈ అర్హతలను దాటవేసే ఉపాయాలు లేకపోలేదు. అట్లు చేసిన కంప్యూటరుకు సవరణలు అందునని తయారీదారు హామీ ఇవ్వడు. జీవనోపాధికి ఆధారమైన యంత్రముపై అటువంటి ప్రయోగము తగదు.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. 2024లో వచ్చిన 24హెచ్2 రూపము నుండి, విండోస్ 11ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు, అనేక కంప్యూటర్లలో డిస్కు దానంతట అదే తాళము వేసుకొంటుంది. తరువాత ఎప్పుడైన మదర్‌బోర్డు చెడిపోతే, డిస్కును తెరచుటకు 48 అంకెల సంకేతము కావలెను. అది ఆ ఖాతాలో భద్రముగానే ఉంటుంది. కాని ఖాతా ఎవరిది? కంప్యూటరును సిద్ధము చేసి ఇచ్చినవారు తమ ఖాతాతోనో, మరునాటికి మరచిపోయే ఖాతాతోనో పని ముగించి ఉంటే, పాటలన్నీ తాళము వేసిన పెట్టెలో ఉండిపోతాయి. దొంగల కొరకు ఏర్పరచిన తాళము యజమానికే అడ్డుపడగలదు.

"కదిలించవద్దు" అను వాదము

రెండవ వాదము అనుభవము నుండి పుట్టినది. 2002లో ఆపిల్ సంస్థ ఎమాజిక్ అనే జర్మను సంస్థను కొనగానే, ఆ సంస్థ తయారుచేసే లాజిక్ ప్రోగ్రాము విండోస్ రూపము ఆగిపోయినది. 2016లో వచ్చిన క్యూబేస్ 9 తన 64 బిట్ల రూపములో పాత 32 బిట్ల ప్లగిన్లను స్వీకరించుట మానినది. 2019 అక్టోబరులో ఆపిల్ వెలువరించిన కాటలినా వ్యవస్థ 32 బిట్ల ప్రోగ్రాములన్నిటికి ఒక్కసారిగా తలుపులు మూసినది. ఇవన్నీ చూచినవారు నడిచే యంత్రమును తాకుటకు భయపడితే వారిని తప్పుపట్టలేము.

కంప్యూటరును ఇంటర్నెట్టు నుండి పూర్తిగా విడదీస్తే పాత వ్యవస్థ చాలకాలము చక్కగా పనిచేస్తుంది. ఇది శాస్త్రీయముగా కూడ సరియే. చిక్కు ఆచరణలో వస్తుంది. రికార్డు చేసిన పాటను యూట్యూబుకు పంపవలెను. జగిత్యాల నుండి గాయకుడు పెన్‌డ్రైవులో ట్రాకు తెస్తాడు. చందా లేకుండ దొరికిన దొంగ ప్లగిన్ ఒకటి ఎవరో ఇస్తారు. ఈ మూడును వైరసుకు రాచబాటలు.

2017 మే 12న వానాక్రై అనే హానికర ప్రోగ్రాము అనేక దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళములు వేసి డబ్బు అడిగినది. అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరము మార్చిలోనే సవరణ విడుదల చేసి ఉన్నది. ఆ సవరణను వేసుకొనని యంత్రాలు, సవరణలు నిలిచిపోయిన పాత వ్యవస్థలు దెబ్బతిన్నవి. విండోస్ 10ను వాడే వ్యక్తులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు రక్షణ సవరణలను ఇచ్చే పథకమును మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. అది సిద్ధపడుటకు దొరికిన వ్యవధియే గాని, శాశ్వతమైన రక్ష కాదు.

పాట ఎక్కడ ఉన్నది?

రెండు వాదాలును కంప్యూటరు చుట్టూనే తిరుగుతున్నవి. అసలు అడుగవలసిన ప్రశ్న వేరు: పాట ఎక్కడ ఉన్నది?

యూట్యూబులో ఉన్నదని చాలమంది అనుకొంటారు. అక్కడ ఉన్నది అన్ని ధ్వనులు కలిసిన, పరిమాణము తగ్గించిన పాట. పులుసు కలిసిన తరువాత చింతపండును, బెల్లమును విడదీయుట ఎంత కష్టమో, అందులోనుండి ముసలి బతుకమ్మ గాయని గొంతును విడిగా, ఆమె పాడినది పాడినట్లుగా తీయుట అంత కష్టము. నేటి ప్రోగ్రాములు కొంతవరకు విడదీయగలవు. అయినను మొదటి రికార్డు యొక్క స్వచ్ఛత రాదు. ఆ స్వచ్ఛమైన గొంతు ఉన్నది స్టూడియోలోని డిస్కులో మాత్రమే. ఆ గాయని గతించితే, ఆ బాణీకి అదే ఏకైక సాక్ష్యము కావచ్చును.

డిస్కులో కూడ పాట ఒక్కచోట ఉండదు. ప్రాజెక్టు ఫైలు అనబడేది పాట కాదు. అది వంట విధానము వ్రాసిన చీటీ వంటిది. ఏ ట్రాకును ఎక్కడ మొదలుపెట్టవలెనో, ఏ ప్లగిన్‌తో ఎంత ప్రతిధ్వని చేర్చవలెనో అందులో ఉంటుంది. ట్రాకులు మరొక చోట ఉంటవి. ప్లగిన్లు ఇంకొక చోట. కీబోర్డుతో వాయించిన వాద్యాలైతే అసలు శబ్దముగానే ఉండవు. ఏ మెట్టును ఎప్పుడు, ఎంత బలముగా నొక్కినారో అన్న సమాచారముగా మాత్రమే ఉంటవి. కొత్త వ్యవస్థలో ఆ వాద్య ప్రోగ్రాము పనిచేయకపోతే చీటీ మిగులుతుంది, సన్నాయి మాయమవుతుంది.

దీనికి విరుగుడు సామాన్యమైనది. ప్రతి ట్రాకును, వాద్యాలతో సహా, పాట ఆరంభక్షణము నుండి చివరి వరకు ఒక్కొక్క వేవ్ ఫైలుగా వ్రాసి ఉంచవలెను. అన్ని ఫైళ్లును ఒకే క్షణమున మొదలగుటచేత, ఏ కంప్యూటరులోనైన, ఏ ప్రోగ్రాములోనైన వాటిని ఒకదాని క్రింద ఒకటి పేర్చితే పాట తిరిగి నిలుస్తుంది. 1991లో వెలువడిన ఈ వేవ్ రూపమును విండోస్, మాక్, లినక్స్ మూడును చదువుతున్నవి. ముప్పది ట్రాకుల పాటకు 1.3 గిగాబైట్లు కావలెనని పైన లెక్క చూచినాము. ఆ లెక్కన ఒక టెరాబైటు డిస్కులో ఏడు వందలకు పైగా పాటలు పడతాయి. ఒక జీవితకాలపు కృషి రెండు డిస్కులలో రెండు ఇండ్లలో భద్రముగా ఉండగలదు.

పరీక్షించి మార్చుట

ఇట్లు పాటలను కాపాడిన తరువాత మార్పు భయంకరముగా కనబడదు. పాత డిస్కును తీసి పక్కన ఉంచి, వేరొక ఎస్.ఎస్.డి.లో కొత్త వ్యవస్థను ఎక్కించుట ఉత్తమము. అవసరమైతే పాత డిస్కును తిరిగి అమర్చి అదే సాయంత్రము పని సాగించవచ్చును. ఉన్న డిస్కు మీదనే విండోస్ 11కు మారినచో వెనుకకు మరలుటకు సాధారణముగా 10 దినముల గడువే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ తయారీదారు కొత్త వ్యవస్థకు డ్రైవరు ఇచ్చినాడా అన్నది ముందుగానే చూడవలెను. ప్లగిన్ల పేర్లు, వాటి అనుమతి సంకేతాలు కాగితము మీద వ్రాసుకొనవలెను. బతుకమ్మ పాటలకు గిరాకీ ఉన్న దినములలో ఈ పని తలపెట్టరాదు.

లినక్స్ మరొక మార్గము. నిర్ణీత కాలములో పని ముగించే నిజకాల నిర్వహణ 2024 నవంబరులో వెలువడిన 6.12 కెర్నెల్‌లో ప్రధాన భాగమైనది. ఆర్డర్ వంటి రికార్డింగు ప్రోగ్రాములు అందులో నడుస్తవి. టి.పి.ఎం. లేని పాత యంత్రమునకు ఇది రెండవ జీవితము. అయితే విండోస్ కొరకు కొన్న ప్లగిన్లు అందులో నేరుగా పనిచేయవు. ఈ లోపమును దాచి లినక్స్‌ను పొగడుట కూడ "కొత్తది మేలు" అను వాదమునకు మరొక రూపమే.

మార్పుకు ముందును, తరువాతను ఒక కొలత తీసికొనవలెను. ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ చేయగల ప్రయోగమిది. ఇంటర్‌ఫేస్ నుండి శబ్దము బయటకు వచ్చే చోటును, లోనికి పోయే చోటును ఒక తీగతో కలుపవలెను. స్పీకర్ల శబ్దమును తగ్గించి, రికార్డు చేసే ట్రాకు శబ్దము తిరిగి బయటికి పోకుండ ఆపి ఉంచవలెను. ఒక ట్రాకులో చిటికె వంటి చిన్న శబ్దమును పెట్టి వినిపిస్తూ, దానినే మరొక ట్రాకులో రికార్డు చేయవలెను. ప్రోగ్రాము ఈ ఆలస్యమును తానే సరిదిద్దుకొనే సౌకర్యము కలిగి ఉంటే దానిని ముందుగా ఆపవలెను. రెండు చిటికెల మధ్య 624 కొలతల ఎడము వచ్చినదనుకొంటే, 624ను 48,000 చేత భాగించగా 0.013 సెకండు, అనగా 13 మిల్లీసెకండ్లు. కొత్త వ్యవస్థలో, అదే బఫరుతో, ఈ సంఖ్య పెరిగినదా తగ్గినదా? ముప్పది ట్రాకుల పాత పాట ఒకటి చిటుకుమనకుండ నడిచినదా? ప్రకటనలు చెప్పలేని సమాధానమును ఈ రెండు పరీక్షలు చెబుతవి. ప్రతిధ్వని దూరమును లెక్కించే పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణ కాగలదు.

కొత్త వ్యవస్థలను తయారుచేసేవారు వేగమును, అందమును, రక్షణను లెక్కించుకొంటున్నారు. పదేండ్ల నాటి పాట తెరచుకొంటుందా అన్న ప్రశ్న వారి అర్హతల పట్టికలో లేదు. ఆ ప్రశ్నను పాట గలవారే వేయవలెను. ఈ నేల మీద పాట ఏ యంత్రము సహాయము లేకుండనే నోటి నుండి నోటికి, తల్లి నుండి బిడ్డకు చేరినది. యంత్రములోనికి ప్రవేశించిన తరువాత దాని ఆయువు యంత్రపు ఆయువుకు తగ్గిపోరాదు. మార్పునకు సిద్ధపడే స్టూడియో యజమాని ముందుగా ఒక పాత పాటను ట్రాకులుగా విడదీసి వ్రాసి, దానిని వేరొక కంప్యూటరులో తెరచి వినవలెను. అది వినబడిన నాడే మార్పుకు ముహూర్తము కుదిరినట్లు.